రాత్రి ముహూర్తం పెళ్లికి కెమెరా సెట్టింగులు: ఎప్పుడు ఏది ఎంచుకోవాలి

అర్ధరాత్రి ముహూర్తానికి మండపం కంటికి పట్టపగల్లా ఉంటుంది. నాలుగు మూలలా పార్ లైట్లు (స్టేజి మీద వాడే గుండ్రటి లైట్లు), వెనకాల ఎల్‌ఈడీ తెర, వీడియో వాళ్ల లైటు ఒకటి. కెమెరా లెక్క మాత్రం వేరు. చాలా ఫంక్షన్ హాళ్లలో పెళ్లిపీటల మీద కూర్చున్న వాళ్ల ముఖాలకు సరైన ఎక్స్‌పోజర్ ఐఎస్‌ఓ (వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 3200, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం, అంకె తగ్గేకొద్దీ పెద్దది) ఎఫ్/2.8, షట్టర్ 1/200 సెకను చుట్టుపక్కల వస్తుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఐఎస్‌ఓ 100, ఎఫ్/16, 1/100 సరిపోతాయి. రెండింటికీ తేడా తొమ్మిది స్టాపులు (ఒక్కో స్టాపుకి వెలుతురు సగమో రెట్టింపో అవుతుంది), అంటే మండపం మీద వెలుతురు ఎండలో ఐదు వందల్లో ఒక్క వంతు.

ఇంత తేడాని ఎక్కడో ఒకచోట భరించాలి. షట్టర్ తగ్గిస్తే కదలిక చెదురుతుంది, అపర్చర్ తెరిస్తే ఫోకస్ పలచబడుతుంది, ఐఎస్‌ఓ పెంచితే నాయిజ్ (ఫొటో మీద ఇసుక చల్లినట్టు చుక్కలు) వస్తుంది. ఈ మూడింటిలో ఇంటికెళ్లాక బాగుచేసుకోగలిగేది నాయిజ్ ఒక్కటే. కాబట్టి ముందు షట్టర్ తేల్చుకోండి, తర్వాత అపర్చర్, మిగిలిన భారం ఐఎస్‌ఓ మీద వేయండి. కొత్తవాళ్లు చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. ఐఎస్‌ఓ 1600 దాటకూడదని ఒట్టు పెట్టుకుని షట్టర్‌ని 1/50కి దించుతారు. కెమెరా వెనక తెర మీద ఫొటో బాగానే కనిపిస్తుంది, ఆల్బమ్ సైజుకి పెంచితే పెళ్లికూతురి కళ్లు రెండేసి కనిపిస్తాయి.

షట్టర్: తంతును బట్టి

జీలకర్ర బెల్లం పెట్టుకున్నాక ఇద్దరూ చేతులు కదపకుండా కొంతసేపు ఉంటారు, అక్కడ 1/100 చాలు. మాంగల్యధారణలో వేళ్లు ముడులు వేస్తుంటాయి, చుట్టూ అక్షింతలు పడుతుంటాయి, 1/200 కావాలి. సప్తపదికీ అంతే. సంగీత్‌లో స్టెప్పులకు 1/320 నుంచి 1/500. హోమం ముందు కూర్చున్నప్పుడు 1/125 సరిపోతుంది, పైగా మంట మరీ ఆగిపోయినట్టు కాకుండా కాస్త నాలుకలు చాస్తూ వస్తుంది.

తలంబ్రాల దగ్గరే అసలు ఎంపిక. అర మీటరు ఎత్తు నుంచి జారిన బియ్యపు గింజ ముఖం దగ్గరికొచ్చేసరికి సెకనుకు మూడు మీటర్ల వేగంలో ఉంటుంది. 1/200లో అది ఒకటిన్నర సెంటీమీటరు కదులుతుంది, అంటే గింజ పొడవుకు రెట్టింపు గీత పడుతుంది. 1/500లో ఆరు మిల్లీమీటర్లు, దాదాపు గింజంత. 1/1000లో గింజ గింజలాగే ఆగుతుంది, కానీ 1/200తో పోలిస్తే రెండు స్టాపులకు పైగా వెలుతురు పోతుంది, ఐఎస్‌ఓ 16000కి చేరుతుంది. ముఖాల్లో నవ్వు ముఖ్యమనుకుంటే 1/250 తీసుకుని గింజల గీతల్ని ఒప్పుకోండి. చేతుల నుంచి జారుతున్న బియ్యమే బొమ్మ అనుకుంటే 1/500కి వెళ్లండి. అంతకుమించి ఆపాలంటే ఫ్లాష్ దారే మేలు. దాని సంగతి కింద ఉంది.

లెన్స్‌లోనో బాడీలోనో (లెన్స్ తగిలించే కెమెరాలోనో) స్టెబిలైజేషన్ ఉంది కదా అని 1/30కి దిగేవాళ్లుంటారు. అది మీ చెయ్యి వణుకుని సరిచేస్తుంది, పెళ్లికొడుకు తల తిప్పడాన్ని ఆపలేదు. ఖాళీ మండపం డెకరేషన్ తీయడానికి మాత్రం అది బంగారం.

ఎల్‌ఈడీ చారలు: షట్టర్ ఎంపికను చెడగొట్టేది ఇదే

మన కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబులైట్లు, చవక ఎల్‌ఈడీలు సెకనుకు 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. 1/100, 1/50 పెడితే ప్రతి ఫ్రేములో ఒకటో రెండో పూర్తి తరంగాలు పడతాయి కాబట్టి వెలుతురు సమంగా వస్తుంది. 1/200 పెడితే సగం తరంగమే చిక్కుతుంది. ఒక ఫొటో వెలుగ్గా, తర్వాతది మసకగా, మరొకదానిలో కింది సగం పసుపుగా వస్తాయి. కెమెరా పాడైందని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తే వాళ్లలో కొందరి సమస్య ఇంతే.

దీనికి రెండు మార్గాలు. కదలిక తక్కువున్న చోట 1/100లోనే ఉండిపోవడం మొదటిది. రెండోది కెమెరాలోని యాంటీ ఫ్లికర్. 2014లో కెనాన్ 7డీ మార్క్ 2తో వచ్చిన ఈ సదుపాయం ఇప్పుడు చాలా మిర్రర్‌లెస్ బాడీల్లో ఉంది. లైటు తరంగం గరిష్ఠంగా ఉన్న క్షణం చూసుకుని షట్టర్ తెరుస్తుంది, కాబట్టి 1/200లోనూ ఫ్రేములన్నీ ఒకేలా వస్తాయి. బదులుగా బటన్ నొక్కాక అతి చిన్న ఆలస్యం ఉంటుంది, బర్స్ట్ (వరసగా ఫొటోలు కొట్టే వేగం) కొంచెం నెమ్మదిస్తుంది. పెళ్లిలో ఈ నష్టం పట్టించుకోదగ్గది కాదు, ఆన్ చేసి ఉంచండి.

అమెరికాలో తెలుగు పెళ్లి తీస్తుంటే అక్కడి కరెంటు 60 హెర్ట్జ్. సురక్షితమైన అంకెలు 1/60, 1/125 అవుతాయి. ఇక్కడి అలవాటుతో 1/100 పెడితే అక్కడ తేడాలు వస్తాయి.

వెనకున్న ఎల్‌ఈడీ తెర, రంగులు మార్చే పార్ లైట్ల కథ వేరు. అవి కరెంటు తరంగాన్ని బట్టి కాకుండా తమ సొంత డ్రైవర్ వేగంతో, చాలా ఎక్కువసార్లు ఆరి వెలుగుతాయి. మామూలు యాంటీ ఫ్లికర్ వీటిని పట్టుకోలేదు. షట్టర్ 1/500, 1/1000 దాటేకొద్దీ తెర మీద సన్నటి అడ్డగీతలు తేలతాయి. కెనాన్ ఆర్3, నికాన్ జెడ్9, సోనీ ఏ1 లాంటి బాడీల్లో షట్టర్‌ని అతి చిన్న మెట్లలో మార్చి గీతలు మాయమయ్యే అంకెను వెతుక్కోవచ్చు. మిగతావాళ్లు షట్టర్ తగ్గించాలి, లేకపోతే తెర ఫ్రేములోకి రాని కోణం వెతుక్కోవాలి.

సైలెంట్ షట్టర్ సంగతి కూడా ఇక్కడే తేలిపోవాలి. మంత్రాల మధ్య టకటక శబ్దం ఉండదని ఎలక్ట్రానిక్ షట్టర్ మీద ఆశ కలుగుతుంది. కానీ మధ్యతరగతి బాడీల్లో సెన్సార్ పైనుంచి కిందికి చదవడానికి ఇంచుమించు 1/15 సెకను పడుతుంది. ఆలోపు లైటు ఆరేడు సార్లు వెలిగి తగ్గుతుంది, ఫొటోలో ఆరేడు చారలు పడతాయి. ఆ బాడీలతో మండపం మీద మెకానికల్ షట్టరే వాడండి. జెడ్9 లాంటి వేగంగా చదివే సెన్సార్లకు ఈ బాధ చాలా తక్కువ. 2023లో ప్రకటించిన సోనీ ఏ9 3లో సెన్సార్ మొత్తం ఒకేసారి చదువుతుంది కాబట్టి ఒక ఫ్రేములో చారలుండవు. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య వెలుతురు తేడా మాత్రం అక్కడా రావచ్చు.

ముహూర్తానికి గంట ముందు ఒక పరీక్ష చేయండి. లైట్లన్నీ వెలిగించాక ఖాళీ పీటల వైపు గురిపెట్టి 1/200లో వరసగా పది ఫ్రేములు కొట్టండి. పదీ ఒకేలా ఉంటే ఆ హాలుతో గొడవ లేదు.

లెన్స్, అపర్చర్: జూమ్ కావాలా, ప్రైమ్ కావాలా?

కెమెరాతో పాటు వచ్చే కిట్ లెన్స్ 18-55తో మొదలుపెట్టేవాళ్లకు ముందో లెక్క. 55 దగ్గర అది ఎఫ్/5.6. 50 ఎం.ఎం. ఎఫ్/1.8 ప్రైమ్ (జూమ్ లేని లెన్స్) దానికంటే సుమారు పది రెట్లు ఎక్కువ వెలుతురు లోపలికి తెస్తుంది. కిట్ లెన్స్ ఐఎస్‌ఓ 12800 అడిగే చోట ప్రైమ్ 1250తో సరిపెడుతుంది. పదేళ్ల నాటి బాడీకి ఈ చవక ప్రైమ్ తగిలిస్తే, కొత్త బాడీకి కిట్ లెన్స్ తగిలించిన దానికంటే రాత్రిపూట మంచి ఫొటోలొస్తాయి. బడ్జెట్ ఒక్కదానికే ఉంటే లెన్స్ కొనండి.

ఎఫ్/2.8 జూమ్‌కీ ఎఫ్/1.8 ప్రైమ్‌కీ మధ్య తేడా ఒక స్టాప్ పైచిలుకు. అది ఉచితంగా రాదు. ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరా మీద 85 ఎం.ఎం. ఎఫ్/1.8తో రెండు మీటర్ల నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు ఆరు సెంటీమీటర్లు. దగ్గరి కన్ను స్పష్టంగా, అవతలి చెవి కమ్మ మసకగా వస్తాయి. మూడు మీటర్లకు జరిగితే పదమూడు సెంటీమీటర్లు, అక్కడే ఎఫ్/2.8కి మూస్తే సుమారు ఇరవై. పక్కపక్కనే పీటల మీద కూర్చున్న జంటను ఏటవాలుగా తీసినప్పుడు రెండు ముఖాల మధ్య దూరం ముప్ఫై, నలభై సెంటీమీటర్లుంటుంది. ఎఫ్/1.8లో ఒకరు గ్యారంటీగా పోతారు.

కాబట్టి కోణాన్ని బట్టి ఎంచుకోవాలి. జీలకర్ర బెల్లం సమయంలో వధూవరులు ఎదురెదురుగా ఉంటారు. పక్కనుంచి, మధ్యలో పట్టుకునే అడ్డుతెరకి సమాంతరంగా చూస్తూ తీస్తే రెండు ముఖాలూ కెమెరాకి ఒకే దూరంలో పడతాయి, ఎఫ్/2 నిశ్చింతగా వాడొచ్చు. పెళ్లికొడుకు భుజం మీదుగా పెళ్లికూతుర్ని తీస్తుంటే ఎలాగూ ఒక్క ముఖమే ముఖ్యం, అక్కడా సరే. ఇద్దరూ కెమెరా వైపు చూస్తుంటే ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4. రెండు మూడు వరసల బంధువులతో గ్రూప్ ఫొటోకి ఎఫ్/5.6, దానికి ఫ్లాష్ లేకుండా కుదరదు.

ఒకే కెమెరా ఉన్నవాళ్లు 24-70 ఎఫ్/2.8తో ఉండటమే మంచిది. మండపం మీద జనం నిమిషానికోసారి జరుగుతారు, లెన్స్ మార్చేలోపు మూడు ముళ్లూ అయిపోతాయి. రెండు బాడీలుంటే ఒకదానికి 35 ఎఫ్/1.8, ఇంకోదానికి 85 ఎఫ్/1.8 తగిలించిన జోడీ వెలుతురు విషయంలో జూమ్‌ని దాటిపోతుంది. వీడియో బృందం ముందు వరస ఆక్రమించేసిన పెళ్లిలో ఈ రెండూ చాలవు. 70-200 ఎఫ్/2.8 తీసుకుని మండపం దిగి, నడవ చివరి నుంచి తలల సందులో తీయాల్సిందే. అప్పుడు చెయ్యి వణుకు కోసమైనా షట్టర్ 1/200కి తగ్గకూడదు.

ఐఎస్‌ఓ: పెంచడమా, చీకటిగా తీసి తర్వాత ఎత్తడమా?

నాయిజ్‌కి అసలు కారణం సెన్సార్‌కి చేరిన వెలుతురు తక్కువ కావడం. ఐఎస్‌ఓ అంకె దాన్ని బయటపెడుతుందంతే. 6400లో తీయాల్సిన ఫొటోని 1600లో తీసి కంప్యూటర్‌లో రెండు స్టాపులు ఎత్తితే నాయిజ్ తగ్గదు, పాత కెమెరాల్లో నీడల్లో చారలతో సహా ఇంకా పెరుగుతుంది. ఈమధ్య సెన్సార్లలో రా ఫైలుకు (కెమెరా మార్పులు చేయని ముడి ఫైలు) రెండూ దాదాపు సమానం, పైగా చీకటిగా తీసినప్పుడు దీపాలు, జరీ మెరుపు తెల్లగా పేలిపోకుండా మిగులుతాయి. అందుకే రాలో తీసేవాళ్లు వెలుగు మచ్చలు ఎక్కువున్న ఫ్రేముల్లో అర స్టాప్ నుంచి ఒక స్టాప్ తక్కువగా తీయొచ్చు. జేపెగ్‌లో తీసేవాళ్లకు ఈ వెసులుబాటు లేదు, కెమెరాలోనే సరైన ఐఎస్‌ఓ పెట్టుకోవాలి.

పై పరిమితి ఎంత? ఫుల్ ఫ్రేమ్ మిర్రర్‌లెస్‌కి 12800, క్రాప్ సెన్సార్‌కి (అంతకంటే చిన్న సెన్సార్) 6400 అని పెట్టుకోవచ్చు. క్రాప్ బాడీ ఒక స్టాప్ పైచిలుకు వెనకబడే ఉంటుంది. 2023 నుంచి లైట్‌రూమ్‌లో ఉన్న ఏఐ డీనాయిజ్ ఈ పరిమితుల్ని పైకి జరిపింది, 12800 ఫైలు ఆల్బమ్ పేజీకి ధైర్యంగా వెళ్తోంది. వెయ్యి ఫొటోలకూ దాన్ని నడిపితే కంప్యూటర్ రాత్రంతా మేలుకుంటుంది కాబట్టి ఆల్బమ్‌కి ఎంచుకున్నవాటికే చాలు. మోతాదు మరీ పెంచితే పసుపు రాసిన చర్మం ప్లాస్టిక్ బొమ్మలా నున్నగా అవుతుంది.

ఇంకో చిన్న మాట. కొన్ని సెన్సార్లలో ఒక అంకె దాటగానే నీడల్లో నాయిజ్ ఒక మెట్టు దిగుతుంది. సోనీ ఏ7 3లో అది 640, నికాన్ జెడ్6లో 800. ఫ్లాష్‌తో రిసెప్షన్ తీసేటప్పుడు 500 దగ్గర ఆగడం కంటే ఆ అంకెకే వెళ్లడం లాభం.

మాన్యువలా, ఆటో ఐఎస్‌ఓనా, అపర్చర్ ప్రయారిటీనా?

అపర్చర్ ప్రయారిటీకి (అపర్చర్ మీరు పెడితే షట్టర్ కెమెరాయే ఎంచుకునే మోడ్) రాత్రిపూట ఒక దురలవాటు ఉంది. వెలుతురు తగ్గగానే చెప్పకుండా 1/30కి జారిపోతుంది. ఆటో ఐఎస్‌ఓ మెనూలో కనీస షట్టర్ 1/200 అని కట్టేస్తే తప్ప దాన్ని నమ్మకండి.

మండపం లైట్లు కదలకుండా ఉంటే పూర్తి మాన్యువల్ అన్నిటికంటే మంచిది. ఒకసారి ముఖానికి సరిచూసుకుంటే తెల్లచీర వచ్చినా, నల్లకోటు వచ్చినా ఎక్స్‌పోజర్ మారదు, తర్వాత ఎడిటింగ్‌లో ఒక ఫొటోకి చేసిన సవరణ వందకి అతికించవచ్చు. వీడియో లైటు పట్టుకున్న కుర్రాడు అటూఇటూ తిరుగుతున్నప్పుడు మాత్రం ఇది కుదరదు. అతను రెండడుగులు ముందుకేస్తే ముఖం మీద ఒక స్టాప్ పెరుగుతుంది. అక్కడ షట్టర్, అపర్చర్ మాన్యువల్‌గా ఉంచి ఐఎస్‌ఓని ఆటోకి వదలండి. బారాత్‌లో, ఎదురుకోలులో కూడా ఇదే పద్ధతి.

ఆటో ఐఎస్‌ఓ వాడితే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ చేసే తప్పుల్ని మీరే దిద్దాలి. మధుపర్కాలు తెల్లటి బట్టలు, ఎర్రంచు. ఫ్రేము నిండా తెలుపుంటే మీటర్ భయపడి చీకటి చేస్తుంది, ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ +0.7 ఇవ్వండి. వెనక ఎల్‌ఈడీ తెర వెలుగుతుంటే +1. అదే నల్లటి లాన్ ముందు జంట మీద మాత్రమే లైటు పడుతుంటే మీటర్ ముఖాల్ని మరీ తెల్లగా కాల్చేస్తుంది, −1కి దించండి. ఊదా, మెజెంటా పార్ లైట్లున్నప్పుడు మామూలు హిస్టోగ్రామ్ (వెలుతురు ఎక్కడెంతుందో చూపే గ్రాఫ్) అంతా బాగుందనే చెబుతుంది, లోపల ఎరుపో నీలమో ఒక్క ఛానెలే నిండిపోయి చెంపలు ముద్దగా వస్తాయి. మూడు రంగుల హిస్టోగ్రామ్ చూస్తేనే తెలుస్తుంది. ఎడిటింగ్‌లో ఆ ముద్దను విడదీయలేం. ముహూర్తం వరకైనా రంగుల పార్‌లు ఆపి వార్మ్ వైట్ ఉంచమని లైటింగ్ వాళ్లను ముందే అడగడం ఏ సెట్టింగ్ కన్నా ఎక్కువ పని చేస్తుంది.

ఫ్లాష్: అసలు వద్దా, బౌన్సా, మూలల్లో పెట్టాలా?

ఐఎస్‌ఓ 400, ఎఫ్/5.6, 1/200 పెట్టి ఫ్లాష్ సూటిగా కొడితే ముఖాలు తెల్లగా, వెనక మండపం నల్లటి గుహలా వస్తాయి. ఎందుకంటే ఆ సెట్టింగు మండపం వెలుతురుకి ఐదు స్టాపులు తక్కువ, ముప్ఫై రెండో వంతు మాత్రమే నమోదవుతుంది. లక్షలు పోసి వేయించిన డెకరేషన్ ఫొటోలో లేకపోతే ఇంటివాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. ఐఎస్‌ఓ 1600, ఎఫ్/4, 1/100కి రండి. ఇప్పుడు మండపం ఒక స్టాప్ మాత్రమే తగ్గి వెచ్చగా కనిపిస్తుంది, ముఖాలకు కావాల్సిన కాస్త ఊతం ఫ్లాష్ ఇస్తుంది. టీటీఎల్‌లో (ఫ్లాష్ బలాన్ని కెమెరాయే లెక్కగట్టే మోడ్) ఉంటే −1 దగ్గర మొదలుపెట్టండి. ఐఎస్‌ఓ పెరగడం వల్ల ఫ్లాష్ తక్కువ పవర్‌తో సరిపెడుతుంది, త్వరగా రీసైకిల్ అవుతుంది, బ్యాటరీ తెల్లారేదాకా వస్తుంది.

బౌన్స్‌కి (ఫ్లాష్‌ని పైకప్పుకి కొట్టి వెలుతురుని కిందికి తిప్పడం) పైకప్పు తెల్లగా, మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉండాలి. కల్యాణ మండపాల పాత హాళ్లలో ఇది చక్కగా కుదురుతుంది. పెద్ద కన్వెన్షన్ హాళ్ల ఎత్తైన నల్ల సీలింగ్‌కి కొడితే వెలుతురు వెనక్కి రాదు, ఓపెన్ లాన్‌లో ఆకాశానికే పోతుంది. గులాబీ రంగు పరదాల కింద కొడితే ముఖాలూ గులాబీ అవుతాయి. ఇలాంటి చోట్ల రెండు ఫ్లాష్‌లు స్టాండ్ల మీద మండపానికి ఎదురు మూలల్లో, తలలకంటే ఎత్తులో పెట్టి, ట్రిగ్గర్‌తో 1/16 పవర్‌లో వెలిగించడం మేలు. తలంబ్రాలకు ఇదే సరైన ఆయుధం. 1/16 దగ్గర ఫ్లాష్ మెరుపు సెకనులో కొన్ని వేలో వంతు మాత్రమే ఉంటుంది, షట్టర్ 1/200 అయినా గింజలు గాల్లో ఆగుతాయి. ఫుల్ పవర్‌లో మెరుపు నిడివి ఎక్కువ, గింజలు తోకలు చాస్తాయి. షట్టర్ సింక్ పరిమితి (ఫ్లాష్‌తో కలిసి పనిచేసే గరిష్ఠ వేగం) 1/200 లేదా 1/250 దాటితే ఫ్రేములో నల్ల పట్టీ పడుతుంది. హైస్పీడ్ సింక్‌తో దాటొచ్చు గానీ ఫ్లాష్ బలం రెండు స్టాపులో ఇంకా ఎక్కువో పోతుంది, రాత్రి పెళ్లిలో దాని అవసరం రాదు.

జీలకర్ర బెల్లం క్షణంలో మాత్రం ఫ్లాష్ ఆపేయమనే మా సలహా. ఆ రెండు నిమిషాలు వెలుతురు మారదు, కదలిక ఉండదు, 1/100లో హాయిగా వస్తుంది. పురోహితుడి కళ్లలో పదిసార్లు మెరవడం కూడా తప్పుతుంది.

వైట్ బ్యాలెన్స్, ఫోకస్

ఆటో వైట్ బ్యాలెన్స్‌కి మన పెళ్లి పెద్ద చిక్కు. పసుపు, బంతిపూలు, జరీ, వెచ్చటి లైట్లు అన్నీ కలిసి ఫ్రేమంతా పసుపుగా కనిపిస్తే, అది లైటు రంగనుకుని నీలం కలిపేస్తుంది. ఒక ఫొటోలో ముఖం బంగారం, తర్వాతదానిలో బూడిద. మండపం మీద గ్రే కార్డు (బూడిద రంగు అట్ట) తీసుకుని కెల్విన్ అంకె (లైటు రంగును చెప్పే కొలత) కట్టేయండి, మిశ్రమ లైట్లకు 4000 నుంచి 4500 మధ్య తేలుతుంది. హాల్లో వెచ్చటి 3200 కెల్విన్ లైట్లే ఉంటే ఫ్లాష్‌కి నారింజ జెల్ (రంగు ఫిల్టర్) తొడగాలి. లేకపోతే ముఖం తెల్లగా, వెనకంతా నారింజగా విడిపోయి ఏ స్లైడరుకీ లొంగదు.

ఫోకస్‌కి కంటిన్యువస్, కంటిని పట్టే ఐ డిటెక్షన్ మామూలు ఎంపిక. అది ఎక్కడ తప్పుతుందో తెలిసుండాలి. తల వంచి, నుదుట బాసికం కట్టుకున్న ముఖాన్ని చాలాసార్లు గుర్తించదు. అప్పుడు ఒకే పాయింట్‌కి మారి బాసికం అంచు మీద పెట్టండి, గీతల కాంట్రాస్ట్ ఉంటుంది కాబట్టి వెంటనే పట్టుకుంటుంది. తలంబ్రాల్లో ముఖానికి అడ్డంగా పడే బియ్యం ఫోకస్‌ని లాక్కుంటుంది. ట్రాకింగ్ సెన్సిటివిటీని "లాక్డ్ ఆన్" వైపు జరిపితే వదలకుండా ఉంటుంది. హోమం పొగకి ఏ కెమెరా అయినా తడబడుతుంది, గాలి వాలుకి ఎదురు వైపు నిలబడటమే మందు.

ఇన్ని అంకెలు ముహూర్తం వేళ గుర్తుండవు. కస్టమ్ డయల్‌లో మూడు దాచుకోండి. సీ1: 1/100, ఎఫ్/2, ఆటో ఐఎస్‌ఓ, ఫ్లాష్ లేదు. సీ2: 1/250, ఎఫ్/2.8, లాక్డ్ ఆన్ ట్రాకింగ్. సీ3: 1/125, ఎఫ్/5.6, ఐఎస్‌ఓ 800, ఫ్లాష్, గ్రూపులకు. తెల్లవారుజామున అప్పగింతలకు బయటికొచ్చేసరికి ఆకాశం నీలంగా, వీధి లైటు నారింజగా ఉంటుంది. అక్కడ సీ1కి వచ్చి, కట్టేసిన కెల్విన్‌ని విప్పి ఆటోకి మార్చండి. కన్నీళ్ల మధ్య ముఖాలు ఎటు తిరుగుతాయో తెలియదు కాబట్టి అపర్చర్ ఎఫ్/2.8కి మూసి, షట్టర్‌ని 1/160కి ఎత్తండి.